ఏడో డబ్బా

నాలుగో డబ్బాను గడ్డి దుబ్బు పక్కన నిలబెట్టి, కాలితో చుట్టూ ఇసుక ఎగదోసి, మెరిల్ టార్‌బాక్స్ నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. మరీ తెల్లగా కనిపిస్తోంది. వంగి, గడ్డకట్టిన బురదను గుప్పెడు గీరి దాని పైభాగాన పులిమాడు. ఇప్పుడు బాగుంది. మూడు వందల గజాల నుంచి ఏ పట్నం వెధవ చూసినా ఉత్తర ధ్రువం నుంచి దిగివచ్చిన తెల్ల గుడ్లగూబే అనుకుంటాడు. అనుకుని, అంత పెద్ద కెమెరా భుజాన వేసుకుని, ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ ఇంత దూరం వచ్చి, ఖాళీ బ్లీచు డబ్బాను దర్శించుకుని పోతాడు. ఆ ఊహ మెరిల్‌కి పొద్దుటి కాఫీ కంటే ఎక్కువ హాయినిస్తుంది.

ఫిబ్రవరి నెల. ఈశాన్యపు గాలి చెవులు కొరుకుతోంది. సముద్రం పోటు మీద ఉంది. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. వేళ్లకు తగిలించుకున్న మిగతా మూడు డబ్బాలు ఒకదానికొకటి తగిలి డొల్లగా చప్పుడు చేస్తున్నాయి.

అరవై ఎనిమిదేళ్ల మెరిల్, బారెట్ ఇసుక తిన్నె మీద ఉన్న పక్షుల రక్షితప్రాంతంలో చలికాలం గేటు కాపలాదారు. ఆఫీసు వాళ్లిచ్చిన ముదురాకుపచ్చ కోటు, జేబు మీద కుట్టిన కొంగ బొమ్మ, నడుముకి తాళాల గుత్తి. అంతకు ముందు నలభై ఏళ్లు ఇదే తిన్నె వెనక బురదలో ఆల్చిప్పలు తవ్వాడు. నడుము అప్పుడు వంగింది, మళ్లీ నిలబడలేదు. మోకాళ్లు పోయాక గేటు ఉద్యోగంలో చేరాడు. ఊళ్లో ఎవరినడిగినా మెరిల్ గురించి చెప్పేది రెండే ముక్కలు: కోపిష్టి, కళ్లు మాత్రం అమోఘం.

డబ్బాలు అతని భార్య బెరిల్‌వి. ఆవిడ రహదారి పక్క మోటెల్లో దుప్పట్లు ఉతికేది. బ్లీచు అయిపోయిన డబ్బాలను పారెయ్యనివ్వకుండా ఇంటికి మోసుకొచ్చేది. మెరిల్ ఖాళీ రోజుల్లో వేసే, పాముల్లాంటి ఈలు చేపల బుట్టలకు అవే తేలుడు గుర్తులు. ఎవరి గుర్తు వాళ్లదని తెలియాలి కాబట్టి ప్రతి డబ్బా మీదా తన గోళ్ల రంగుతో ఎర్రగా ఆయన పేరులోని రెండు మొదటి అక్షరాలు రాసేది. బెరిల్ పోయి మూడు చలికాలాలైంది. గోళ్ల రంగు మాత్రం ఇంకా పోలేదు.

శీతాకాలం ఆదివారాలు వాళ్లిద్దరూ ఈ ఒడ్డునే నడిచేవాళ్లు, గుడ్లగూబల్ని వెతుక్కుంటూ. ఈ తీరంలో తెల్లగా ఏది కనిపించినా రెండే సందేహాలు: గుడ్లగూబా, డబ్బానా? అలలు కొట్టుకొచ్చిన డబ్బాలు దిబ్బల నిండా ఉండేవి మరి. "డబ్బా," అనేది బెరిల్. "పక్షి," అనేవాడు మెరిల్. దగ్గరికెళ్లి చూసి, ఓడినవాళ్లు ఫ్లాస్కులోంచి కాఫీ పోసివ్వాలి. ఆ నలభై ఏళ్లలో మెరిల్ ఒక్కసారి కూడా కాఫీ పొయ్యలేదు.

ఈ యేడు వచ్చింది ఒక్కటే. పడుచు ఆడపక్షి, వీపు నిండా బూడిద రంగు చారలు. నవంబరు ఆఖరులో దిగింది. దిబ్బల వెనక ఉప్పుపర్రలో, అంటే గడ్డి మొలిచిన ఉప్పునీటి బురదనేలలో, పోటుకు కొట్టుకొచ్చిన ఒక దుంగ మీద పగలంతా కళ్లు మూసుకుని కూర్చుంటుంది. పొద్దు గూకాక వేటకు లేస్తుంది. దాన్ని పగలు కూర్చోనివ్వాలి, అంతే. అంతకు మించి అది ఎవర్నీ ఏమీ అడగదు. మెరిల్ దానికి దొరసాని అని పేరు పెట్టాడు. దుంగ ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో పాతవాళ్లకు ఆ మర్యాద తెలుసు: గుడ్లగూబ కనిపిస్తే కనిపించిందని చెప్తారు, ఎక్కడని చెప్పరు, ఎవరూ అడగరు. అడిగేది బయటివాళ్లు. వాళ్ల కోసమే ఈ డబ్బాలు. పర్ర వైపు కాకుండా సముద్రం వైపు దిబ్బల మీద, ఏడు చోట్ల ఏడు. అయిదు వారాలుగా రోజూ తెల్లవారకముందే పెడతాడు, సాయంత్రం తీసేస్తాడు. అక్షరాలున్న వైపు వెనక్కి తిప్పుతాడు, ఒడ్డు మీద నడిచేవాళ్లకు కనపడకుండా.

అయిదోది పెట్టాడు. ఆరోది పెట్టాడు. ఏడోది విరిగిన పడవ దగ్గర పెట్టాలి. ఏనాడో తుపానుకు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన పడవ అది, పక్కెముకలు మాత్రం పైకి కనిపిస్తాయి. ఆ వైపు రెండడుగులు వేశాడో లేదో, పర్ర వైపు నుంచి కాకులు ఒక్కసారిగా గోల పెట్టాయి. వాటి వెనకే మనిషి గొంతు, "అబ్బ! అబ్బబ్బ!" అంటూ.

మెరిల్ ఏడో డబ్బా చేత్తో పట్టుకునే వెనక్కి పరిగెత్తాడు. పరుగంటే అతని మోకాళ్లకు ఎంత వస్తే అంత. బండి తలుపు తీసి, డబ్బాను పక్క సీటు కిందకు విసిరేసి, పర్ర రోడ్డు మీదకు పోనిచ్చాడు.

ఎవరూ దాటకుండా కట్టిన తాడుకు అవతల, పర్ర మధ్యలో, గడ్డి రంగు మచ్చల బట్టలేసుకున్న మనిషొకడు మోకాళ్ల మీద ఉన్నాడు. పేరు డెరెక్. రెండు వారాలుగా వస్తున్నాడు. మెరిల్ వాడిని రెండుసార్లు తరిమాడు కూడా. దుంగ ఖాళీగా ఉంది.

"ఏరా, తాడు కనపళ్లేదా?"

"కనపడింది తాతా. నడిచేవాళ్లకి కదా తాడు. నేను పాకుతూ వచ్చా." డెరెక్ లేచి బురద దులుపుకుంటూ కెమెరా ముందుకు చాపాడు. "అరవకు, ముందిది చూడు. సూటిగా నా మొహం మీదకే ఎగిరింది! కళ్లు చూడు, కళ్లు!"

"ఎందుకెగిరిందిరా? నీ అందం చూసి మురిసిపోయిందా? నిద్రపోతున్నదాని మీదకి పాక్కుంటూ పోతే ఎగరక ముద్దు పెట్టుకుంటుందా?"

"ఏంటి తాతా, పక్షి ఎగరడం కూడా నేరమేనా?"

"ఎటు పోయింది?"

"దిబ్బల వైపు. ఆ రోడ్డు పక్క కంచె తీగకి రెక్క కాస్త తగిలింది గానీ, ఏం కాలేదులే. ఎగిరింది."

మెరిల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కంచె దగ్గరికెళ్లి చూశాడు. పై తీగకు చిన్న తెల్లటి ఈక ఒకటి వేలాడుతోంది. ఈకను జేబులో పెట్టుకున్నాడు.

"దుంగ సంగతి నీకెవడు చెప్పాడు?"

"చెప్పేదేంటి? మీ ఆఫీసువాళ్లే పెట్టారుగా ఇంటర్నెట్‌లో. ఇవాళ పదింటికి గుడ్లగూబ నడక, పర్ర వంతెన దగ్గర కలుద్దాం అని. పదింటికైతే జనం ఉంటారని నేను ముందే వచ్చా." తెలివైన పని చేసినవాడిలా నవ్వాడు డెరెక్.

ఆల్చిప్పలు తవ్వే పార చేతిలో ఉన్న రోజుల్లో అయితే ఏం జరిగేదో. మెరిల్ పళ్లు కొరుక్కుని, వాడిని రోడ్డెక్కించి, ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. గేటు తెరిచి, గొలుసు వేలాడేసి, దొరసానిని వెతుక్కుంటూ ఒడ్డు వెంట బయలుదేరాడు.

గాయపడ్డ పక్షులకు వైద్యం చేసే ఆవిడ పక్క ఊళ్లోనే ఉంది. అరగంటలో వస్తుంది. పోయినేడు రెక్క విరిగిన డేగను బతికించింది. దొరసాని దొరికితే చాలు, ఆవిడకు ఫోన్ చెయ్యచ్చు. దొరకాలి. వేళ మించితే చలి ఊరుకోదు.

రెండు మైళ్లు పోయి రెండు మైళ్లు వెనక్కి. ఎదురుగాలి ఇసుకను మొహాన కొడుతోంది. ప్రతి స్తంభమూ చూశాడు. పాత కాపలా బురుజు చుట్టూ తిరిగాడు. రాళ్ల గట్టు సందుల్లోకి వంగి చూశాడు. దక్షిణాన దిబ్బల పైన సూర్యుడు కళ్లలో పొడుస్తున్నాడు. మెడలో దుర్భిణి వేలాడుతూనే ఉంది. పొడుగాటి ఒడ్డున తెల్లగా కనిపించినవన్నీ తను పెట్టినవే. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వాటిని పక్కన పెడుతూ నడిచాడు. తన డబ్బాల్ని తను చూసుకోవడానికి దుర్భిణి ఎందుకు? అయిదు. ఆరు. విరిగిన పడవ దగ్గర ఏడు. డబ్బాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దొరసానే లేదు.

ఒంటిగంటకు చెక్క వంతెన మీదకు చేరేసరికి గుడ్లగూబ నడక ముగించుకున్న వాళ్లంతా అక్కడే ఉన్నారు. ముప్ఫై మంది. రంగురంగుల టోపీలు, కాగితపు గ్లాసుల్లో వేడి చాక్లెట్టు. ముందు రక్షితప్రాంతం డైరెక్టరు కోరిన్ వెల్చ్. రెండేళ్ల క్రితం పట్నం నుంచి వచ్చింది. ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ గొంతు వింటేనే మెరిల్‌కి ఒళ్లు మండుతుంది.

"మెరిల్ గారూ, పొద్దున్నుంచీ గేటు దగ్గర మనిషి లేడట?"

"పక్షికి దెబ్బ తగిలింది మేడం. తీగకి కొట్టుకుంది. మీరు పేరంటం పిలిచినట్టు దాని చిరునామా లోకానికంతా చెప్పారుగా. ఒకడు పొద్దున్నే వచ్చాడు పసుపూ కుంకుమా పట్టుకెళ్లడానికి."

"ఎగిరిపోయిందా?"

"ఎగిరిందన్నాడు."

"ఎగిరిందంటే బాగున్నట్టే కదండీ." ఆవిడ జనం వైపు తిరిగి చిన్నగా నవ్వి, మళ్లీ అతని వైపు తిరిగింది. "ఇంకో విషయం. ఒకాయన నిన్న రెండు మైళ్లు నడిచి వెళ్లి చూస్తే బ్లీచు డబ్బా అట. ఫిర్యాదు రాశారు. అవి మీరే పెడుతున్నారా?"

"నేనే పెడుతున్నా."

"అది చెత్త మెరిల్ గారూ. గేటు కాపలాదారే దిబ్బల మీద చెత్త పడేస్తే నేనెవరికి చెప్పుకోను? సాయంత్రంలోగా అన్నీ ఏరి తెచ్చి నా బల్ల ముందు పెట్టండి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మెరిల్ చెవులు ఎర్రబడ్డాయి. చెత్తట! బెరిల్ మోటెల్ వెనక దోవన చేతులు గడ్డకట్టుకుపోతుంటే మోసుకొచ్చిన డబ్బాలు ఈవిడకు చెత్త. ఏదో అనబోయాడు. ఇంతలో పక్కనుంచి అతని మోచేయి ఎవరో పట్టుకున్నారు.

ఆగ్నెస్ థర్లో. ఊరి గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన ఆవిడ. ఎనభై దాటాయి. చేతికర్ర, మెడలో ఆవిడ వయసున్న దుర్భిణి.

"మెరిల్, అదిగో, విరిగిన పడవ దగ్గర ఉన్నది. తల తిప్పింది."

మెరిల్ అటు చూశాడు. మూడు వందల గజాల దూరంలో, పడవ పక్కెముకల నీడలో, బూడిద పులుముకున్న తెల్లని ముద్ద. రోజూ ఉండే చోటే.

"అది నా డబ్బా ఆగ్నెసమ్మా. ఏడోది."

"తిప్పిందయ్యా. నేను చూశాను."

"డబ్బాకి తలకాయ ఎక్కడిది ఆగ్నెసమ్మా? ఉంటే ఈపాటికి ఆఫీసులో డైరెక్టరుగా కూర్చోబెట్టేవాళ్లు."

అంతా ఘొల్లున నవ్వారు. వేడి చాక్లెట్టు తాగుతున్న ఒకడికి పొలమారింది. కోరిన్ మొహం కందిపోయింది. పొద్దున్నుంచి మొదటిసారి మెరిల్‌కి గుండె మీంచి బరువు దిగింది. దెబ్బకు దెబ్బ. ఆగ్నెస్ మాత్రం నవ్వలేదు. దుర్భిణి మళ్లీ ఎత్తింది. చేతులు వణికి బొమ్మ నిలవలేదేమో, దించేసింది.

"నీ కళ్ల ముందు నా కళ్లెంతలే," అంది.

మధ్యాహ్నం గేటు దగ్గరే కూర్చున్నాడు. కూర్చోమని కోరిన్ రాసి పంపింది. మాట కాదు, కాగితం మీద రాసి! పోయే బండ్లకూ వచ్చే బండ్లకూ గొలుసు ఎత్తాడు, దించాడు. గుడ్లగూబ ఎక్కడండీ అని అడిగినవాళ్లందరికీ ధ్రువానికి పోయిందని చెప్పాడు. తెచ్చుకున్న రొట్టె ముట్టలేదు. కాస్త ఖాళీ దొరికినప్పుడల్లా ఆకాశం చూశాడు. జేబులో ఈక వేలికి తగులుతూనే ఉంది.

మూడున్నరకు గేటు మూసే వేళైంది. డబ్బాలు ఏరుకు రావాలి. బల్ల ముందు పెట్టాలట, పెడతాడు. ఏడూ వరసగా పెడతాడు, ఎర్ర అక్షరాలు ఆవిడ వైపు తిప్పి. తిట్టుకుంటూ బండెక్కాడు. గేరు మార్చి కదిలిస్తే, పక్క సీటు కింద నుంచి ఏదో దొర్లి వచ్చి అతని బూటుకు తగిలింది. డొల్లగా చప్పుడైంది.

వంగి చూశాడు. బ్లీచు డబ్బా. బెరిల్ గోళ్ల రంగు. ఎం, టి.

మెరిల్ ఇంజన్ ఆపేశాడు. ఒక్క క్షణం అతనికి ఏమీ అర్థం కాలేదు, అర్థం చేసుకోదలచుకోలేదు. పొద్దున దీన్ని ఇక్కడికి విసిరింది తనే. పడవ దగ్గర పెట్టనే లేదు. పెట్టింది ఆరు. లెక్కపెట్టింది ఏడు.

డబ్బా చేతిలో పట్టుకునే బండి దిగాడు. చెక్క వంతెన మీద అతని బూట్లు ధనధనమన్నాయి. దిబ్బల్లోకి దిగాక రెండుసార్లు ఇసుకలో పడి లేచాడు. "ముసలి గాడిదా," అని పైకే అన్నాడు. "కళ్లంట కళ్లు! తగలెయ్య నీ కళ్లని!" ఆ తర్వాత అతని నోటి నుంచి వచ్చిన మాటలు గాలి తప్ప ఎవరూ వినలేదు. పొద్దుటి నుంచి డెరెక్‌ని తిట్టినవీ, కోరిన్‌ని తిట్టినవీ, అన్నీ పోగేసి తనని తాను తిట్టుకున్నాడు. చాలలేదు.

దొరసాని పడవ పక్కెముకకు ఆనుకుని ఉంది. ఎడమ రెక్క ఇసుక మీద పరిచినట్టు వాలిపోయి ఉంది. రెక్క కింద ఇసుక నల్లగా తడిసి గడ్డకట్టింది. అతను దగ్గరికి వస్తే తల అతని వైపు తిప్పింది. మామూలుగా అయితే ముక్కు టకటకలాడించి, గోళ్లు చాపి మీదకు రావాలి. రాలేదు. పసుపు కళ్లు సగం తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది. దాని కాళ్ల చుట్టూ ఇసుక మీద చిన్న చిన్న గీతలున్నాయి. పగలంతా అక్కడే, గాలి మళ్లినప్పుడల్లా కొంచెం కొంచెం జరిగినట్టుంది. ముప్ఫై మంది చూస్తుండగా జరిగింది.

మెరిల్ రెండు చేతులూ కావాలి కాబట్టి డబ్బాను ఇసుకలో పెట్టాడు. కోటు విప్పి, పక్షిని అందులో చుట్టాడు. అంత పక్షీ బరువే లేదు. ఛాతీ ఎముక కత్తి అంచులా తగిలింది.

"దొరసానీ, ఇంకాస్సేపు ఓర్చుకో తల్లీ. ఫోన్ చేస్తా. ఆవిడొస్తుంది, మంచావిడ. అరగంట. అరగంట ఓర్చుకో."

ఒక చేత్తో కోటు మూటను పొట్టకు అదుముకుని, రెండో చేత్తో ఫోన్ నొక్కుతూ నడిచాడు. పక్క ఊరి ఆవిడ పలికింది, బయలుదేరుతున్నానంది. ఎప్పుడు తగిలింది అని అడిగింది. "పొద్దున," అన్నాడు మెరిల్. "పొద్దుననే చెప్పాల్సిందండీ," అందావిడ, మెత్తగానే. ఆవిడ గట్టిగా తిట్టినా బాగుండేది.

వంతెన ఎక్కేటప్పుడు మూట ఒకసారి కదిలింది. వంతెన దిగేటప్పుడు కదల్లేదు. మధ్యలో ఎప్పుడు పోయిందో మెరిల్‌కి తెలియలేదు. పర్ర మీద వెలుగు వాలుతోంది. దొరసాని వేటకు లేచే వేళ అది.

ఆఫీసులో కోరిన్ మఫ్లర్ చుట్టుకుంటూ ఉంది. మెరిల్ కోటు మూటను ఆవిడ బల్ల మీద, ఇంటర్నెట్‌లో పెట్టడానికి తీసి ఉంచిన ఫోటోల పక్కన దించాడు. కోటు అంచు జారింది. కొంగ బొమ్మ కుట్టిన జేబు కింద నుంచి చారల రెక్క బయటపడింది.

"అయ్యో," అంది కోరిన్. నిజంగానే అంది. కుర్చీ పట్టుకుని నిలబడింది.

"ఫోటో తీసుకోండి మేడం. ఇప్పుడు ఎంతసేపైనా కదలదు."

"మెరిల్ గారూ, నేను... ఎక్కడ దొరికింది?"

ఆ ప్రశ్నకు ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నాడో! మీ వెబ్‌సైటులో దొరికింది. ఆ వెధవ కెమెరాలో దొరికింది. దారి పొడుగునా ఒక్కొక్కటీ నూరి పెట్టుకున్నాడు. నోరు తెరిచాక వచ్చింది మాత్రం వేరు.

"నా ఏడో డబ్బా దగ్గర. ఆగ్నెసమ్మ చూపించింది కూడా. నేనే ఎగతాళి చేశాను."

కోరిన్‌కి అర్థం కాలేదు. మెరిల్ నడుము నుంచి తాళాల గుత్తి తీసి కోటు పక్కన పెట్టాడు. పక్క ఊరి ఆవిడ వస్తే ఇంక అవసరం లేదని, చలిలో అంత దూరం వచ్చినందుకు క్షమించమని చెప్పమన్నాడు.

"కోటు... బయట చాలా చలిగా ఉంది," అంది కోరిన్.

"దానికే ఉండనివ్వండి."

చొక్కా మీదే బండి దాకా నడిచాడు. సీట్లో కూర్చుని, ఫ్లాస్కు మూత తిప్పాడు. పొద్దుటి కాఫీ, ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది. మూత నిండా పోసి, పక్క సీటు ముందున్న గూట్లో, బెరిల్ గ్లాసు పెట్టుకునే చోట పెట్టాడు. తను తాగలేదు.

పర్ర రోడ్డు మీదకు వచ్చేసరికి దారి పక్కన కారొకటి ఆగి ఉంది. అద్దం దించి, దాని మీద పెద్ద కెమెరా ఆనించి, ఎవరో దిబ్బల వైపు గురి పెట్టారు. డెరెకో, వాడిలాంటి ఇంకొకడో. మెరిల్ హారన్ మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. వేగం తగ్గించకుండా వెళ్లిపోయాడు.

విరిగిన పడవ పక్కన, మసక వెలుగులో ఏడో డబ్బా తెల్లగా, నిటారుగా కూర్చుని ఉంది, ఎర్ర అక్షరాలు సముద్రం వైపు తిరిగి ఉన్నాయి.